తుక్కు దుకాణం నుంచి ఉక్కు ఫర్నేస్ దాకా: రాయగడ కుర్రాడి ప్రశ్నకి నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "రాయగడలో మా నాన్నగారు ముప్పై ఏళ్ళుగా పాత ఇనుము వ్యాపారం చేస్తున్నారు. నెలకి 300 టన్నుల దాకా కొని విజయనగరం, విశాఖ వైపు ఫర్నేసులకి పంపుతాం. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. 8 టన్నుల ఇండక్షన్ ఫర్నేస్ (కరెంటుతో ఇనుము కరిగించే కొలిమి), పక్కనే రాడ్లు తీసే మిల్లు పెట్టమని ఒక కన్సల్టెంటు రిపోర్టు రాసిచ్చాడు. థెరుబలి ఫ్యాక్టరీ దగ్గరే కాబట్టి ఫెర్రో అల్లాయ్ (ఉక్కులో కలిపే మిశ్రలోహం) కలిసొస్తుందట. నాన్నగారు ససేమిరా అంటున్నారు. తుక్కు అమ్ముకునే కుటుంబం ఉక్కు తయారుచేసే కుటుంబం కాగలదా?"

బాబూ, ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. 8 టన్నుల ఫర్నేస్ రోజుకి 10 హీట్లు (ఒక్కో విడత కరిగింపు ఒక హీట్) తీస్తే 80 టన్నుల కరిగిన ఉక్కు. మంచి తుక్కులో కూడా ఎంతో కొంత తుప్పుగా, మట్టిగా, చిట్టెంగా (కరిగినప్పుడు పైకి తేలే మడ్డిగా) పోతుంది కాబట్టి లోపల వేసేది 88 టన్నులనుకో. మీ నాన్నగారు నెలంతా తిరిగి పోగుచేసే 300 టన్నులు ఆ ఫర్నేస్‌కి నాలుగు రోజుల మేత కూడా కాదు. మిగతా రోజులకి ఎవరి దగ్గర కొంటావు? ఇవాళ మీతో పోటీ పడుతున్న దుకాణాల దగ్గరే. నీకు రోజూ తుక్కు కావాలని వాళ్ళకి తెలిసిన మర్నాడే కిలోకి రూపాయి పెరుగుతుంది. ఈ మాట నీ రిపోర్టులో ఉండదు. నాకు రాసిచ్చిన రిపోర్టులోనూ లేదు.

కాగలరా అంటే, కాగలరు. మేమయ్యాం. కాకపోతే మాకు రెండు తరాలు పట్టింది, ఒకసారి దాదాపు మునిగిపోయాం.

మాది పర్లాకిమిడి. మా నాన్న సైకిల్ వెనక ఉల్లిపాయల గంప కట్టుకుని "పాత ఇనుముకి ఉల్లిపాయలో" అని ఊరూరా తిరిగినవాడు. తెలుగు పల్లెలో పాత ఇనుం, ఒడియా పల్లెలో భంగా లుహా, సవర గూడెంలో సగం మాటలూ సగం సైగలూ. విరిగిన నాగలి కర్రు, చిల్లు పడ్డ బాణలి, బండి చక్రం పట్టా, ఏదైనా తీసుకునేవాడు. పోగైంది గోనెల్లో కుట్టి గుణుపురం–నౌపడా చిన్న రైల్లో వేసుకుని నౌపడా చేర్చేవాడు. అక్కణ్ణుంచి విశాఖ. ఆయనకి సంతకం చెయ్యడం తప్ప చదువు రాదు. కానీ సుత్తితో తట్టి మోత విని "ఇది బీడు (పోత ఇనుము), పక్కన పెట్టు" అనేవాడు. గ్రైండర్‌కి ఆనించి రవ్వలు చూసేవాడు. మెత్తటి ఇనుమైతే రవ్వలు పొడుగ్గా గీతల్లా వస్తాయి. కార్బన్ ఎక్కువున్న స్ప్రింగు పట్టీ అయితే చిచ్చుబుడ్డిలా చిట్లుతాయి. ఇంజినీరింగులో నీకు చెప్పిన స్పార్క్ టెస్ట్ ఇదే. మా నాన్నకి ఎవరూ చెప్పలేదు.

1992లో ఉక్కు ధరల మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది. అప్పటికి మాకు ఒక దుకాణం, రెండు గ్యాస్ కటింగ్ సెట్లు, ఒక పాత లారీ. నాకు తొందరెక్కువ. నాన్న వద్దంటున్నా విజయనగరం వైపు ఒక రీరోలింగ్ మిల్లుని లీజుకి తీసుకున్నాను. ఇంగాట్లు (పోతపోసిన ఉక్కు దిమ్మలు) బయట కొని, కాల్చి, రాడ్లు లాగి అమ్మడం. లాభమంతా ఇంగాట్ అమ్మినవాడిది, చెడ్డపేరంతా మాది. ఒకసారి ఒక బిల్డింగు దగ్గర మేస్త్రీ మా రాడ్డు వంచబోతే చెరుకుగడలా పుటుక్కుమంది. ఇంగాట్ ఇచ్చినవాణ్ణి అడిగితే "నువ్వు సరిగ్గా కాల్చలేదు" అన్నాడు. పరీక్ష చేయిస్తే ఫాస్ఫరస్ మితిమీరి ఉంది. ఉక్కు మంచిదో చెడ్డదో మిల్లులో తేలదని, తుక్కు యార్డులోనే తేలిపోతుందని ఆ రోజు అర్థమైంది. ఈ జవాబులో నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇదొక్కటే. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ఎందుకో చెప్తాను. నువ్వు పెడదామనుకుంటున్నది ఇండక్షన్ ఫర్నేస్. అది కరిగిస్తుంది, అంతే. శుద్ధి చెయ్యదు. మన దగ్గర లోపలి లైనింగు మామూలుగా సిలికా పొడితో కొడతారు. దాంట్లో సున్నం వేసి ఫాస్ఫరస్ లాగుదామంటే సున్నం ముందు లైనింగునే తినేస్తుంది. విద్యుత్ మెరుపుతో కరిగించే ఆర్క్ ఫర్నేస్‌లో ఆక్సిజన్ ఊది, సున్నపు చిట్టెంతో ఫాస్ఫరస్‌ని బయటికి పంపొచ్చు. పక్కన లేడిల్ ఫర్నేస్ (కరిగిన ఉక్కుని సరిచేసే రెండో కొలిమి) పెట్టుకుంటే గంధకం తగ్గుతుంది గానీ ఫాస్ఫరస్ తగ్గదు. రాగి అయితే ఏ ఫర్నేస్‌లోనూ పోదు. ఒకసారి కలిసిందంటే ఆ ఇనుము ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. అంటే ఒక కాలిపోయిన మోటారుని వైండింగు తియ్యకుండా లోపల పడేస్తే, ఆ రాగి నీ రాడ్డులో కూర్చుంటుంది. రోలింగులో ఎర్రగా ఉన్నప్పుడు పైన పగుళ్ళు వస్తాయి. గంధకం ఎక్కువైనా వేడి మీద చీలుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువైతే వేడి మీద ఏమీ తెలియదు, చల్లారాక పెళుసవుతుంది. మా రాడ్డుకి జరిగింది అదే.

ఇళ్ళకి వాడే రాడ్లకి ప్రమాణం ఐఎస్ 1786. ఎఫ్‌ఈ 500 గ్రేడుకి గంధకం, ఫాస్ఫరస్ ఒక్కోటి 0.055 శాతం, రెండూ కలిపి 0.105 దాటకూడదు. జనం ఇప్పుడు అడుగుతున్న 500డి కి ఒక్కోటి 0.040, కలిపి 0.075. ఐఎస్ఐ ముద్ర లేకుండా ఈ రాడ్లు అమ్మడానికే లేదు. బీడు ముక్కలు నాలుగు ఎక్కువ పడితే చాలు ఈ గీత దాటడానికి. వంట నూనె డబ్బాలు, జింకు పూత రేకులు కట్టలు కట్టి వేస్తే పొగ, లైనింగు దెబ్బ, బరువులో తరుగు. లేతు కింద పడ్డ చుట్టల్లో నూనె. ఒక్కో రకానికి ఒక్కో రోగం. మీ నాన్నగారు ఇవన్నీ కుప్పలుగా విడదీసి పెడతారు చూశావూ, ధర కోసం చేస్తున్నానని ఆయన అనుకుంటున్నారు. నిజానికి సగం మెటలర్జీ ఆయన యార్డులోనే జరిగిపోతోంది.

"స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే తీసిన ఇనుము) కలుపుతాం" అని నీ రిపోర్టులో ఉండే ఉంటుంది. కలుపు, తప్పులేదు. రాయపూర్ వైపు నుంచి, పైన సుందర్‌గఢ్, కెందుఝర్ నుంచి వస్తుంది. రాగిలాంటివి దాంట్లో ఉండవు కాబట్టి తుక్కులో ఉన్నదాన్ని పల్చన చేస్తుంది. కానీ ఖనిజంలోని మట్టి దానితోపాటే వస్తుంది. చిట్టెం పెరుగుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, దిగుబడి తగ్గుతుంది. ఖనిజాన్ని బట్టి ఫాస్ఫరస్ కూడా రావచ్చు, కాబట్టి లాట్ లాట్‌కీ పరీక్ష తప్పదు.

థెరుబలి మాటకొస్తే నవ్వొచ్చింది. అక్కడ చేసేది ఫెర్రోక్రోమ్. అది స్టెయిన్‌లెస్ వాళ్ళకి. నీ రాడ్డుకి కావలసింది ప్రధానంగా సిలికోమాంగనీస్, అది ఇంకో రకం ఫెర్రో అల్లాయ్. దానికోసం నువ్వు బొబ్బిలి వైపు చూడాలి. పక్కూళ్ళో ఫ్యాక్టరీ ఉందని చూశాడే గానీ, అందులో ఏం చేస్తారో మీ కన్సల్టెంటు కనుక్కోలేదు. మిగతా రిపోర్టుని కూడా ఆ అనుమానంతోనే చదువు.

ఇంకో విషయం. ఇది టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదు. తుక్కు దుకాణంలో పొరపాటు చేస్తే డబ్బు పోతుంది, ఫర్నేస్ దగ్గర పొరపాటు చేస్తే మనిషి పోతాడు. మూతిబిగించిన సిలిండరు, స్కూటరు షాక్ అబ్జార్బర్, రెండువైపులా నొక్కుకుపోయిన పైపులో నిలిచిన వాననీళ్ళు, ఇవి కరిగిన ఉక్కులో పడితే బాంబే. 2004లో ఘజియాబాద్‌లో దిగుమతి తుక్కులో వచ్చిన ఫిరంగి గుళ్ళు పేలి కార్మికులు చనిపోయారు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో వేలంలో వచ్చిన ఒక పాత పరికరాన్ని విప్పితే లోపల కోబాల్ట్–60 ఉంది. ఒకతను రేడియేషన్‌కి చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. మా గేటు దగ్గర ఇప్పుడు రేడియేషన్ చూసే యంత్రం ఉంది. కానీ షాక్ అబ్జార్బర్‌ని పట్టుకునేది యంత్రం కాదు. యార్డులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న గుణుపురం మనిషొకడు ఉన్నాడు. నా ప్లాంటులో ఫర్నేస్ నడిపే మెల్టర్‌కిచ్చే జీతం అతనికీ ఇస్తాను. బంధువులు నవ్వుతారు.

డబ్బు సంగతి. ధరలు రోజూ మారతాయి, లెక్క అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. తుక్కు టన్ను 35,000 అనుకో. రోజుకి 88 టన్నులంటే సుమారు 31 లక్షలు. వర్షాకాలంలో లారీలు ఆగిపోతాయి కాబట్టి 15 రోజుల నిల్వ లేకుండా ఫర్నేస్ నడపలేవు. అది 4.6 కోట్లు. బిల్లెట్ (రాడ్లు తీయడానికి పోతపోసిన ఉక్కు కడ్డీ) టన్ను 42,000కి అమ్మి 20 రోజులు అరువిస్తే ఇంకో 6.7 కోట్లు బజార్లో ఉంటాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ తిరుగుతూ ఉంటుంది. ఫర్నేస్ కొనడానికి బ్యాంకు అప్పిస్తుంది. దాన్ని ఆకలితో ఉంచకుండా తినిపించడానికి కావలసిన ఈ డబ్బు దగ్గరే మన కుటుంబాలు పడిపోతాయి. మీ వ్యాపారంలో ఇవాళ కొన్నది ఎల్లుండికల్లా లారీ ఎక్కి డబ్బైపోతుంది. ఆ సుఖం అక్కడ ఉండదు.

కరెంటు ఇంకో పెద్ద పద్దు. టన్ను కరిగించడానికి 600 యూనిట్లు వేసుకో. నీ తుక్కు శుభ్రంగా ఉండి, ఫర్నేస్ ఆగకుండా నడిస్తే కాస్త తగ్గుతుంది, స్పాంజ్ ఎక్కువైతే పెరుగుతుంది. రోజుకి 48,000 యూనిట్లు. అంటే యూనిట్ ధరలో ఒక్క రూపాయి తేడా వస్తే రోజుకి 48,000 రూపాయలు. మీ వైపు సరఫరా టాటా పవర్ సదరన్ ఒడిశా వాళ్ళది. వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి 33 కేవీ లైను మీ స్థలానికి ఎంత దూరంలో ఉందో, ఆ సబ్‌స్టేషన్‌లో నాలుగు మెగావాట్లు ఇవ్వగలరో లేదో రాతపూర్వకంగా అడుగు. ఫర్నేస్ ఆపేసినా డిమాండ్ ఛార్జీ వస్తూనే ఉంటుంది, అదెంతో కూడా అడుగు. స్థలం కొన్న తర్వాత కాదు, ముందే. నేను తర్వాత అడిగాను.

ఇక 2008. మేము సొంత ఫర్నేస్ పెట్టి మూడేళ్ళయింది. ఆ ఏడు ఎండాకాలంలో ధరలు ఎగబాకుతుంటే ఇంకా పెరుగుతాయని అప్పు చేసి తుక్కు నింపాను. నాన్న యార్డులో కుప్పలు చూసి "ఇంత ఎత్తు కుప్ప నేనెప్పుడూ పెట్టలేదురా, కొన్నది కొన్నట్టు పంపెయ్యాలి" అన్నాడు. నేను వినలేదు. దసరాకి ధర జారడం మొదలైంది, సంక్రాంతికి నేను కొన్న ధరలో సగం దగ్గరుంది. రాడ్లు అడిగేవాడు లేడు. ఫర్నేస్ ఐదు నెలలు ఆపేశాం. నాన్న కట్టిన ఇంటి స్థలం అమ్మాం, మా ఆవిడ నగలు వెళ్ళాయి. ఆ ఐదు నెలలూ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే, పర్లాకిమిడి పాత దుకాణం నేను మూసెయ్యబోతే నాన్న మూయనివ్వకపోవడం వల్లే. రోజువారీ కొనుగోలు, రోజువారీ అమ్మకం. దాని మీదే జీతాలిచ్చాం.

ఈ దారిలో నడిచిన పెద్ద కుటుంబాల చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. అమెరికాలో పోర్ట్‌లండ్‌లో సామ్ ష్నిట్జర్ అనే రష్యా నుంచి వచ్చిన వలసదారు 1906లో తుక్కు వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ కంపెనీ క్యాస్కేడ్ అనే ఉక్కు మిల్లు కొన్నది 1984లో. టెక్సాస్‌లో మోజెస్ ఫెల్డ్‌మన్ 1915లో డాలస్‌లో తుక్కు కొట్టు పెట్టాడు. కొడుకు జేకబ్ హయాంలో, 1963లో, సెగీన్ అనే ఊళ్ళో నడుస్తున్న మిల్లుని కొన్నారు. ఇవాళ కమర్షియల్ మెటల్స్ అంటే పెద్ద రాడ్ల తయారీ కంపెనీ. ఒకరికి 78 ఏళ్ళు, ఒకరికి 48 ఏళ్ళు. ఇద్దరూ మిల్లు దాకా వచ్చింది నడుస్తున్నదాన్ని కొనే. మిల్లు వచ్చాక తుక్కు యార్డులు అమ్మేసుకోలేదు, ఇంకా పెంచుకున్నారు. మన దగ్గర మాత్రం ఫర్నేస్ రాగానే మొదట చేసే పని పాత దుకాణం బోర్డు పీకెయ్యడం. తుక్కువాళ్ళు అనిపించుకోవడం నామోషీ కదా, పెళ్ళి సంబంధాల దగ్గర కూడా.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను, దీనికి మంచి ఆడిటరు కావాలి. 2024 అక్టోబర్ 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ దగ్గర తుక్కు కొంటే, రిజిస్టరైన కొనుగోలుదారే రివర్స్ ఛార్జీ కింద జీఎస్టీ కట్టాలి. మీ నాన్నగారి దగ్గరికి తోపుడుబండి మీద తెచ్చేవాళ్ళంతా ఈ లెక్కలోకే వస్తారు. ఒకే మనిషికి ఒకరోజులో 10,000 దాటి నగదిస్తే ఆదాయపన్నులో ఆ ఖర్చు చెల్లదు. దొంగ బిల్లులు అమ్మేవాళ్ళు నీ దగ్గరికి తప్పకుండా వస్తారు, వాళ్ళని గేటు దాటనివ్వకు. ప్లాంటు సామర్థ్యాన్ని బట్టి కాలుష్య మండలి అనుమతులు ఒక్కటే చాలకపోవచ్చు, కేంద్రం 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కూడా కావలసిరావచ్చు. నీ ప్లాంటుకి అది కావాలో లేదో ముందే కనుక్కో. కన్సల్టెంటు దీనికి ఎంత సమయం వేశాడో చూడు.

రాయగడ రైల్వే ఊరు కాబట్టి ఒక హెచ్చరిక. పట్టా ముక్కలు, ఫిష్‌ప్లేట్లు, పాండ్రోల్ క్లిప్పులు వేలం కాగితం లేకుండా యార్డులో దొరికితే రైల్వే ఆస్తిని అక్రమంగా ఉంచుకోవడం మీదున్న 1966 చట్టం కింద కేసు. చిన్న దుకాణంలో ఇది అరుదుగా వచ్చే చిక్కు. రోజుకి 88 టన్నులు దింపుకునేచోట ఏ లారీ అడుగున ఏముందో నీకు తెలియదు. మా బంధువొకాయన ఇలాంటి కేసులో ఆరేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు. ఆయన కొన్నది పదిహేను కిలోలు.

మరి నీ స్థానంలో నేనైతే ఏం చేస్తాను? మిల్లు మాట ముందు పక్కన పెడతాను. ఫర్నేస్ కూడా రెండు మూడేళ్ళు ఆపుతాను. ఇప్పుడున్న యార్డులో ఇనుము కోసే ఒక హైడ్రాలిక్ షియర్, కట్టలు నొక్కే ఒక బేలింగ్ ప్రెస్, లారీ తూచే ఒక ధర్మకాటా, లోహంలో ఏముందో చూపే చేతి ఎనలైజరు పెడతాను. ఎంఎస్‌టీసీ (ప్రభుత్వ రంగ వేలం సంస్థ) వేలాల్లోనూ రైల్వే ఐఆర్‌ఈపీఎస్ వేలాల్లోనూ పేరు నమోదు చేసుకుని 300 టన్నులని వెయ్యికి తీసుకెళ్తాను. కోసి, రకం విడదీసి, ఒక్కో కుప్పకి కెమిస్ట్రీ రాసిచ్చి ఫర్నేస్‌వాళ్ళకి అమ్మితే ఇప్పటికంటే మంచి ధర వస్తుంది. అంతకంటే ముఖ్యం, నీ తుక్కు ఏ హీట్‌లో ఎలా కరిగిందో, ఎంత దిగుబడి ఇచ్చిందో వాళ్ళ దగ్గర అడిగి తెలుసుకునే హక్కు నీకొస్తుంది. ఆ తర్వాత అమ్మకానికో లీజుకో వచ్చే ఫర్నేస్ కోసం చూడు. మార్కెట్ పడిన ప్రతిసారీ ఒకటో రెండో వస్తాయి. అప్పుడు చేతిలో డబ్బున్నవాడిది రాజ్యం. మొదటి రెండేళ్ళు బిల్లెట్లు మాత్రమే అమ్ము. రాడ్డు అమ్మడమంటే డీలర్లు, గోడల మీద ప్రకటనలు, అరువులు, అది ఇంకో వ్యాపారం.

మీ నాన్నగారు వద్దంటున్నారని రాశావు. ఎందుకు వద్దంటున్నారో నువ్వు రాయలేదు. అడిగావా? నా అనుమానం, ఆయనకి భయం ఫర్నేస్ అంటే కాదు. ఫర్నేస్ వచ్చాక తనకి పనేముంటుందన్నది. ఒక పని చెయ్యి. ఈ ఆగస్టులో ఆయన్ని మీ తుక్కు కొంటున్న ఏదో ఒక ఫర్నేస్‌కి తీసుకెళ్ళు. ఎండాకాలంలో వద్దు, వానల్లోనే వెళ్ళండి. తడిసిన తుక్కుని వాళ్ళు ఎలా ఆరబెడుతున్నారో, ఛార్జింగ్ (ఫర్నేస్ లోకి తుక్కు వేసే చోటు) దగ్గర ఎవరు నిలబడి చూస్తున్నారో ఆయన్ని చూడనివ్వు. నువ్వు కంట్రోల్ ప్యానెల్ దగ్గరికి పోకుండా ఆయన పక్కనే ఉండి, ఆయన ఏ ముక్కని చూసి మొహం చిట్లిస్తున్నారో రాసుకో. వచ్చాక ఆ కాగితం, రిపోర్టులోని దిగుబడి, కరెంటు, వర్కింగ్ క్యాపిటల్ పేజీలు ఇక్కడ పెట్టు. దిగుబడి 95 శాతం అని రాసి ఉంటే మాత్రం, దాన్ని 90 చేసి మళ్ళీ లెక్క వేసి పెట్టు. చూసి చెప్తాను.